హైకోర్టు పరిధి: పర్లాకిమిడి రైతుల నుంచి నేలపాడు దాకా

గరబంధో గ్రామ రైతులకూ పర్లాకిమిడి జమీందారుకూ శిస్తు తగాదా వచ్చింది. ఆ ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ భూముల చట్టం కింద శిస్తు ఖరారు వ్యవహారం చివరికి మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు చేరింది. బోర్డు శిస్తు పెంచింది. అలా పెంచే అధికారం బోర్డుకు లేదనీ, ఆ ఉత్తర్వు రద్దు చేస్తూ సర్షియోరరీ రిట్ (రిట్ అంటే అధికారులకు కోర్టు నేరుగా ఇచ్చే ఆజ్ఞ) ఇవ్వాలనీ రైతులు కోరారు. కేసు అప్పట్లో ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1943లో తీర్పు వచ్చింది: మద్రాసు హైకోర్టు ఈ రిట్ ఇవ్వలేదు. బోర్డు ఆఫీసు మద్రాసు నగరంలోనే ఉన్నా, భూములూ రైతులూ జమీందారూ నగరం బయట ఉన్నారు కాబట్టి కుదరదు.

గంజాం నుంచి తిరునల్వేలి దాకా అప్పీళ్లు వినే కోర్టు, అదే గంజాం రైతుకు రిట్ ఇవ్వలేకపోవడం వింతగా అనిపిస్తుంది. కారణం ఆ కోర్టు పుట్టుకలో ఉంది. 1861 నాటి హైకోర్టుల చట్టం కింద 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడినప్పుడు రెండు పాత కోర్టులు అందులో కలిశాయి. ఒకటి నగరవాసుల కోసం రాణిగారి పేరున నడిచిన సుప్రీంకోర్టు, రెండోది జిల్లాల అప్పీళ్లు వినే కంపెనీ వారి సదర్ అదాలత్. రిట్ అధికారం మొదటిదాని నుంచి, అప్పీలు అధికారం రెండోదాని నుంచి వచ్చాయి. ఒకే కప్పు కిందికి చేరినా రెండింటి హద్దులు వేరుగానే ఉండిపోయాయి.

తెలుగునాట హైకోర్టు గురించి మాట్లాడితే అది ఏ ఊళ్లో ఉండాలన్న దగ్గరే మాట ఆగిపోతుంది. గుంటూరా, హైదరాబాదా, అమరావతా, కర్నూలా అన్నది రాజకీయంగా పెద్ద విషయమే. కక్షిదారుకు మాత్రం అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: ఈ కోర్టు నా విషయంలో ఏ అధికారంతో, ఎంతవరకు కలగజేసుకోగలదు? కేసులు ఓడిపోవడానికి న్యాయం లేకపోవడం ఎంత కారణమో, తప్పు అధికారాన్ని ఆశ్రయించడం కూడా అంతే కారణం. ఆ అధికారాలు ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వచ్చి చేరాయి. ఎప్పుడు ఎలా వచ్చాయో తెలిస్తే ఇప్పుడు ఏది దేనికి పనికొస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

గుంటూరు, హైదరాబాదు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా హైకోర్టు వెంటనే రాలేదు. తొమ్మిది నెలల పాటు ఆంధ్ర కేసులు మద్రాసులోనే నడిచాయి. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమకు, రెండోది కోస్తాకు దక్కాలి. ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. కర్నూలు రాజధాని అయింది కాబట్టి 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. కోకా సుబ్బారావు తొలి ప్రధాన న్యాయమూర్తి. తరువాత ఆయనే భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన సారథ్యంలోని ధర్మాసనం 1967లో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చింది. అదే ఏడాది పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు.

కొత్త కోర్టుకు మొదట్లోనే ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. 1954 జులై 5కు ముందు మద్రాసు హైకోర్టు చెప్పిన తీర్పులు గుంటూరు జడ్జీలను కట్టడి చేస్తాయా? చేస్తాయని 1955లో ఫుల్ బెంచ్, అంటే ఇద్దరికంటే ఎక్కువమంది జడ్జీల ధర్మాసనం, తేల్చింది. అందుకే వందేళ్ల నాటి మద్రాసు తీర్పును నేటికీ అమరావతిలో హైకోర్టు ఉన్న నేలపాడులో ఒక లాయరు చదివి వినిపిస్తుంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మద్రాసు నుంచి ఇంకో వారసత్వం కూడా వచ్చింది. 1865 నాటి లెటర్స్ పేటెంట్ (హైకోర్టు అధికారాలు చెప్పే రాణిగారి శాసనపత్రం), అందులోని 15వ క్లాజు. సింగిల్ జడ్జి తీర్పు మీద అదే కోర్టులోని ఇద్దరు జడ్జీల ముందు అప్పీలు చేసుకునే హక్కు అక్కడి నుంచే వచ్చింది. విక్టోరియా రాణి కాలపు కాగితం ఇవాళ్టి రిట్ అప్పీలు నిలుస్తుందో లేదో నిర్ణయిస్తోంది.

హైదరాబాదు దారి పూర్తిగా వేరు. నిజాం రాజ్యంలో హైకోర్టు, అదాలత్-ఎ-ఆలియా, ఉర్దూలో నడిచింది. మూసీ దక్షిణపు ఒడ్డున, నయాపూల్ పక్కన ఎర్ర ఇసుకరాయి, గులాబీ గ్రానైట్‌తో కట్టిన భవనానికి జైపూర్ శంకర్‌లాల్ నమూనా గీశారు. 1920 ఏప్రిల్‌లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించారు. 2009 ఆగస్టు 31 నాటి అగ్నిప్రమాదంలో ఆ భవనం బాగా దెబ్బతింది. తరువాత మరమ్మతు చేశారు. 1956లో రాష్ట్రాలు కలిసినప్పుడు గుంటూరు కోర్టు హైదరాబాదుకు వచ్చింది. రెండు కోర్టుల జడ్జీలు ఒకే చోట కూర్చున్నారు. చట్టాలు మాత్రం కలవలేదు. కౌలు విషయంలో తెలంగాణ ప్రాంతానికి 1950 చట్టం, ఆంధ్ర ప్రాంతానికి 1956 చట్టం విడివిడిగా కొనసాగాయి. చట్టం పేరులోనే బ్రాకెట్లలో ‘తెలంగాణ ప్రాంతం’, ‘ఆంధ్ర ప్రాంతం’ అని రాసుకునే అలవాటు అప్పుడు మొదలైంది. భూమి కేసులో తీర్పును ఉదహరించే ముందు అది ఏ ప్రాంతపు చట్టం మీద వచ్చిందో చూసుకోకపోతే వాదన మొదటి నిమిషంలోనే కూలుతుంది.

కాకినాడ ఉప ఎన్నిక, 226వ అధికరణం

పర్లాకిమిడి రైతులకు దొరకనిది 1950 జనవరి 26న రాజ్యాంగం అందరికీ ఇచ్చింది. 226వ అధికరణం ప్రకారం హైకోర్టు తన పరిధిలోని భూభాగమంతటా, ప్రాథమిక హక్కుల కోసమే కాక ‘మరే ఇతర ప్రయోజనం కోసమైనా’ రిట్లు ఇవ్వవచ్చు. సుప్రీంకోర్టుకు 32వ అధికరణం కింద ఉన్న రిట్ అధికారం ప్రాథమిక హక్కుల వరకే. ఆ లెక్కన హైకోర్టుదే విస్తృతమైన అధికారం. ‘పైకోర్టు కదా’ అని నేరుగా ఢిల్లీ వెళ్లాలనుకునేవారు గమనించాల్సిన సంగతి ఇది.

అయితే కొత్త అధికారానికీ వెంటనే ఒక అడ్డు వచ్చింది. అది కూడా తెలుగు జిల్లా నుంచే. 1952లో కాకినాడ రిజర్వుడు స్థానం నుంచి మద్రాసు శాసనసభకు సాకా వెంకట సుబ్బారావు ఎన్నికయ్యారు. 1942లో పడిన జైలుశిక్ష కారణంగా ఆయనకు అర్హత లేదన్న ఫిర్యాదు గవర్నరు ద్వారా ఎన్నికల సంఘానికి వెళ్లింది. ఆ విచారణ ఆపమని మద్రాసు హైకోర్టు రిట్ ఇచ్చింది. 1953లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎన్నికల సంఘం ఆఫీసు శాశ్వతంగా ఢిల్లీలో ఉంది, మద్రాసు కోర్టు రిట్ అక్కడికి చేరదు అన్నది కారణం. పర్లాకిమిడి కేసులో ఆఫీసు ఊళ్లో ఉన్నా తగాదా బయటుందని కాదన్నారు. ఇక్కడ తగాదా ఊళ్లో ఉన్నా ఆఫీసు బయటుందని కాదన్నారు. రెండు సార్లూ నష్టపోయింది మన వైపు మనిషే.

ఆ తీర్పు తరువాత కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు మీద రిట్ వేయాలంటే శ్రీకాకుళం మనిషైనా అనంతపురం మనిషైనా అప్పటి పంజాబ్ హైకోర్టు దగ్గరికి పోవాల్సిందే. ఢిల్లీ దాని పరిధిలో ఉండేది. 1963లో 15వ రాజ్యాంగ సవరణ ఈ ఇబ్బందిని తీర్చింది. ఇప్పుడది 226(2). వ్యాజ్య కారణం, అంటే కేసుకు మూలమైన సంఘటన, పూర్తిగానో కొంత భాగమో ఎక్కడ జరిగితే అక్కడి హైకోర్టు రిట్ ఇవ్వవచ్చు.

2019 తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ క్లాజు రోజూ పనికొస్తోంది. ఉమ్మడి సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది, ఉద్యోగి విజయవాడలో ఉన్నాడు, ఉత్తర్వు పోస్టులో ఇంటికొచ్చింది. ఏ కోర్టుకు వెళ్లాలి? నేను ఇక్కడ ఉంటున్నాను, కాగితం ఇక్కడ అందింది అన్నంత మాత్రాన చాలదు. పని ఎక్కడ చేశారు, చర్య ఎక్కడ అమలైంది, హక్కు ఎక్కడ దెబ్బతింది అన్న అసలు సంగతులు ఈ రాష్ట్రంలో జరిగినట్టు అఫిడవిట్‌లో విడిగా ఒక పేరా రాయాలి. పరిధి కొద్దిగా ఉన్నా, మరో హైకోర్టే తగినదని జడ్జి అనుకుంటే అక్కడికి వెళ్లమని చెప్పవచ్చు. 2004లో కుసుమ్ ఇంగాట్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఆరు నెలలు నడిపాక పరిధి లేదని తేలితే ఈలోపు ఉన్న స్టే కూడా పోతుంది.

సర్వీసు కేసులు పోయి వచ్చిన వైనం

1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు (తెలంగాణ ఉద్యోగాలను స్థానికులకే కేటాయించిన నిజాం కాలపు నియమాలు) చెల్లుతాయని చెప్పింది. కోస్తా, సీమ జిల్లాల్లో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. దాన్ని చల్లార్చడానికి ఆరు సూత్రాల పథకం, ఆ వెంట 32వ సవరణతో 371-డి అధికరణం వచ్చాయి. స్థానిక రిజర్వేషన్ల సంగతి అందరికీ తెలుసు. అదే అధికరణం హైకోర్టు నుంచి ప్రభుత్వోద్యోగుల సర్వీసు కేసులను తీసి ఒక అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు అప్పగించిందన్నది తక్కువ మందికి గుర్తుంది. పైగా ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే దాన్ని మార్చే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉంచారు. కేసులో ప్రతివాదిగా నిలబడిన ప్రభుత్వమే తీర్పు దిద్దుకోవచ్చన్నమాట. 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది.

అసలు విషయం ఆ తరువాత వచ్చింది. ట్రిబ్యునల్ ఉన్న చోట హైకోర్టు రిట్ అధికారాన్ని పార్లమెంటు తీసేయగలదా? 1993లో సాకినాల హరినాథ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ తీసేయలేదంది. అలా తీసేసే 323-ఎ(2)(డి) రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇదే దారిలో నడిచింది. 226, 227 (కింది కోర్టులు, ట్రిబ్యునళ్ల మీద పర్యవేక్షణ) కింద హైకోర్టుకున్న సమీక్షాధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని, దేశంలోని ఏ ట్రిబ్యునల్ తీర్పునైనా ఆ ప్రాంతపు హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల ధర్మాసనం) పరిశీలించవచ్చని తేల్చింది. మన హైకోర్టు దేశ న్యాయశాస్త్రానికి ఇచ్చిన వాటిలో నా లెక్కలో ఇదే పెద్దది. దీనికి రావలసినంత పేరు రాలేదు.

అన్నీ ఇలా నిలబడలేదు. దాంపత్య హక్కుల పునరుద్ధరణకు వీలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ స్త్రీ గోప్యతనూ గౌరవాన్నీ హరిస్తుందని 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టేశారు. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది జడ్జీలు చెప్పడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

ట్రిబ్యునల్ సంగతికొస్తే, తెలంగాణ 2016లో, ఆంధ్రప్రదేశ్ ఆ తరువాత కొన్నేళ్లకు దాన్ని వద్దనుకున్నాయి. సర్వీసు కేసులన్నీ మళ్లీ హైకోర్టు మెడకు పడ్డాయి.

ఏ కాగితం ఏ సెక్షన్‌లోకి

హైకోర్టులో కేసు నంబరు ముందుండే అక్షరాలు చూస్తే ఏ అధికారం కింద నడుస్తోందో తెలిసిపోతుంది. జిల్లా కోర్టు విచారించిన సివిల్ దావా మీద వచ్చేది ఏఎస్, అంటే మొదటి అప్పీలు. వాస్తవాలూ చట్టమూ రెండూ మళ్లీ చూస్తారు. గడువు 90 రోజులు. కింది అప్పీలు కోర్టు తీర్పు మీద వచ్చేది ఎస్ఏ, రెండో అప్పీలు. ఇక్కడ సాక్ష్యం మళ్లీ తూచరు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 100వ సెక్షన్ ప్రకారం ‘గణనీయమైన చట్ట ప్రశ్న’ ఉంటేనే చేర్చుకుంటారు. దీనికీ 90 రోజులే. రెండో అప్పీళ్లలో ఎక్కువ భాగం అడ్మిషన్ దశలోనే పోవడానికి కారణం, సాక్షి అబద్ధం చెప్పాడు, దస్తావేజు సరిగా చదవలేదు అన్న వాదనలే చట్ట ప్రశ్నల పేరుతో రాయడం. హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుంచి వచ్చే అప్పీళ్లకు సీసీసీఏ అనీ, మోటారు ప్రమాద పరిహారాల మీద వచ్చేవాటికి ఎంఏసీఎంఏ అనీ ప్రత్యేక పేర్లున్నాయి.

విచారణ మధ్యలో కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీద సీఆర్పీ, అంటే సివిల్ రివిజన్ పిటిషన్, వేస్తారు. రివిజన్ అధికారం ఇచ్చే సీపీసీ 115వ సెక్షన్‌ను 2002 నుంచి బాగా కుదించారు కాబట్టి ఇప్పుడు చాలా సీఆర్పీలు రాజ్యాంగం 227వ అధికరణం కింద వస్తున్నాయి. ఇక్కడో గొయ్యి ఉంది. సివిల్ కోర్టు న్యాయిక ఉత్తర్వు మీద 226 కింద రిట్ కుదరదని, 227 ఒక్కటే దారి అని 2015లో రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 227 కింద సింగిల్ జడ్జి ఇచ్చిన ఉత్తర్వు మీద మాత్రం 15వ క్లాజు అప్పీలు లేదు. పర్యవేక్షణ, రివిజన్, క్రిమినల్ అధికారాలను ఆ క్లాజే మినహాయించింది. అంటే ఓడితే తరువాతి మెట్టు సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషనే, అంటే అప్పీలుకు ప్రత్యేక అనుమతి అడగడమే. 226 కింద ఓడినవారికి 30 రోజుల్లో రిట్ అప్పీలు అవకాశం ఉంటుంది.

క్రిమినల్ వైపు పాతవారికే తికమక. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) వచ్చింది. ఇన్నేళ్లూ ‘482’ అంటే ఎఫ్ఐఆర్ కొట్టివేత పిటిషన్. కొత్త చట్టంలో కొట్టివేతకు సెక్షన్ 528. 482 అంటే ఇప్పుడు ముందస్తు బెయిలు, మామూలు బెయిలు 483. మరణశిక్ష పడితే నిందితుడు అప్పీలు చేసినా చేయకపోయినా సెషన్స్ జడ్జి రికార్డును హైకోర్టుకు పంపాల్సిందే. కనీసం ఇద్దరు జడ్జీలు ఖరారు చేస్తే తప్ప శిక్ష అమలు కాదు.

రిట్ నడిచే తీరు

జనం హైకోర్టు అన్నప్పుడు మనసులో ఉండేది రిట్టే కాబట్టి దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. తహసీల్దారు పట్టాదారు పుస్తకంలో పేరు మార్చడం లేదనుకుందాం. మొదటి పని కోర్టుకు వెళ్లడం కాదు. ఏం కావాలో, ఏ చట్టం కింద కావాలో రాసి దరఖాస్తు ఇచ్చి, రసీదు గానీ రిజిస్టరు పోస్టు అక్నాలెడ్జ్‌మెంటు గానీ దగ్గర పెట్టుకోవాలి. అధికారిని తన విధి చేయమని ఆదేశించే మాండమస్ రిట్‌కు మూలం అధికారిని అడగడం, అతను చేయననడం లేదా ఉలకక పలకక ఊరుకోవడం. అడిగినట్టు కాగితం లేకపోతే జడ్జి మొదటి ప్రశ్న అదే అవుతుంది.

తరువాత అఫిడవిట్. ఇందులో తేదీల వారీగా సంగతులు, అధికారి ఏ నిబంధన దాటాడు, వేరే అప్పీలు దారి ఉందా, ఉంటే ఎందుకు చాలదు, ఇదే విషయం మీద ఇంతకుముందు మరో కేసు వేశారా అన్నవన్నీ ఉండాలి. గత కేసు దాచిపెట్టడం ఒక్కటి చాలు, ఎంత న్యాయమున్నా పిటిషన్ ఖర్చులతో సహా కొట్టేయడానికి. మెటీరియల్ పేపర్లు, అంటే ఆధార పత్రాలు, వరుస నంబర్లతో కట్టాలి. కోర్టు భాష ఇంగ్లిషు, కాబట్టి పాత పహాణీలు, తెలుగు దస్తావేజుల విషయంలో అనువాదం, చదవగలిగే టైపు ప్రతి అడుగుతారు. స్క్రూటినీ విభాగం ‘ఆబ్జెక్షన్’ పెట్టి కట్ట వెనక్కి ఇచ్చేది ఎక్కువగా ఇలాంటివాటికే: మసక జిరాక్సులు, ప్రతివాదుల హోదాలు తప్పు, సంతకం లేని పేజీ. స్టే అత్యవసరమైన కేసులో ఈ ఆబ్జెక్షన్ల దగ్గర పోయే రోజులే ప్రాణం తీస్తాయి.

ప్రతి ఒకటి ముందుగా సంబంధిత ప్రభుత్వ న్యాయవాది ఆఫీసుకు ఇవ్వాలి. రెవెన్యూ, హోం, మున్సిపల్ శాఖలకు ప్రభుత్వ న్యాయవాదులు (జీపీలు) వేరు వేరు. నంబరు పడ్డాక ప్రధాన న్యాయమూర్తి వేసిన రోస్టర్ (ఏ జడ్జి ఏ కేసులు వినాలన్న జాబితా) ప్రకారం ఆ సబ్జెక్టు చూసే జడ్జి ముందుకు వస్తుంది. రేపటికి ఇల్లు కూల్చేస్తారంటే ఉదయం ప్రస్తావించి అనుమతి తీసుకుని అదే రోజు వినే లంచ్ మోషన్, సెలవు రోజైతే జడ్జి ఇంటి దగ్గర వినే హౌస్ మోషన్.

మొదటి రోజు మూడింట ఒకటి జరుగుతుంది. జీపీకి సూచనలు తెచ్చుకోమని వాయిదా, మధ్యంతర ఉత్తర్వు, లేదా అక్కడికక్కడే ముగింపు. ఈ మూడోదే జనాన్ని ఎక్కువ మోసం చేస్తుంది. ‘పిటిషనర్ దరఖాస్తును నాలుగు వారాల్లో చట్ట ప్రకారం పరిశీలించాలి’ అని ముగిస్తే ఊళ్లో గెలిచామని స్వీట్లు పంచుతారు. అది గెలుపు కాదు. దరఖాస్తు పరిశీలించమన్నారు గానీ ఒప్పుకోమనలేదు. తహసీల్దారు మూడో వారంలో కారణాలు రాసి తిరస్కరిస్తే కోర్టు ఉత్తర్వు అమలైనట్టే. కొత్త ఉత్తర్వు మీద కొత్త కేసు వేసుకోవాలి. అలాంటి ఉత్తర్వు వచ్చినప్పుడు కనీసం పిటిషనర్‌ను విని, రాతపూర్వకంగా కారణాలు చెప్పి తేల్చాలన్న మాట అందులో చేర్చమని లాయరు అడగడం మంచిది.

మధ్యంతర స్టే గురించి రెండు అపోహలున్నాయి. ఆరు నెలలకు స్టే దానంతటదే పోతుందన్నది ఒకటి. 2018 నాటి ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పు అలాగే చెప్పింది గానీ 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని పక్కనపెట్టింది. స్టే ఎత్తేయమని కోరే వెకేట్ పిటిషన్ వేస్తే రెండు వారాల్లో స్టే పోతుందన్నది రెండోది. 226(3) ఆ మాట అంటుంది నిజమే. కానీ ప్రతి ఇవ్వకుండా, అవతలివారిని వినకుండా ఇచ్చిన స్టేకే అది వర్తిస్తుంది. ముందే ప్రతి అందుకుని, జీపీ నిలబడి వాదించాక ఇచ్చిన స్టేకు ఈ క్లాజు పట్టదు. ప్రైవేటు ప్రతివాది విషయంలోనే దీని అవసరం ఎక్కువ.

రిట్ పని చేయని చోట్లు కూడా తెలిసుండాలి. హద్దు రాయి ఎక్కడుంది, వీలునామా నిజమా, భూమి ఎవరిది అన్నవి సాక్షులను విచారించి తేల్చాల్సినవి. సివిల్ కోర్టుకు వెళ్లమంటారు. బ్యాంకు తన బాకీ కోసం సర్ఫేసీ చట్టం కింద ఇల్లు జప్తు చేస్తుంటే డీఆర్టీ (రుణ వసూళ్ల ట్రిబ్యునల్) ఉండగా హైకోర్టు జోక్యం చేసుకోరాదని 2010 నుంచీ సుప్రీంకోర్టు గట్టిగా చెబుతోంది. చట్టం అప్పీలు దారి చూపినప్పుడు రిట్ చేర్చుకునేది కొన్ని సందర్భాల్లోనే: ప్రాథమిక హక్కు భంగం, వినకుండా ఉత్తర్వు ఇవ్వడం, అసలు అధికారమే లేకపోవడం, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించడం.

దారి మూసేస్తే ఏమవుతుందో తెలంగాణలో కళ్లారా చూశాం. 2020 పాస్‌పుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది. ధరణిలో (ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్) తప్పు పడితే అప్పీలు చేసుకునే అధికారి లేడు. సర్వే నంబరులో ఒక అంకె తేడాకు కూడా రైతు రిట్ వేయాల్సి వచ్చింది. 2025 భూభారతి చట్టంతో అప్పీళ్లు తిరిగొచ్చాయి. హైకోర్టు రద్దీకి కారణం ఎప్పుడూ కోర్టులోనే ఉండదు; కొన్నిసార్లు కలెక్టరేట్‌లో ఉంటుంది.

ఉత్తర్వు వచ్చాక అధికారి పట్టించుకోకపోతే కోర్టు ధిక్కార పిటిషన్. గడువు ధిక్కారం జరిగిన రోజు నుంచి ఒక ఏడాది. గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, రెండువేల రూపాయల జరిమానా. జరిమానా చిన్నదే గానీ, ఉన్నతాధికారి స్వయంగా హాజరు కావాలన్న ఒక్క మాటకే చాలా ఫైళ్లు కదులుతాయి.

జడ్జీలు, కింది కోర్టులు

హైకోర్టు వినేది కేసులే కాదు. 235వ అధికరణం కింద జిల్లా న్యాయవ్యవస్థ మొత్తం దాని అదుపులో ఉంటుంది. జూనియర్ సివిల్ జడ్జీల బదిలీ, పదోన్నతి, క్రమశిక్షణ, సెలవు దాకా అన్నీ. ఒక్కో జిల్లాకు ఒక హైకోర్టు జడ్జిని పోర్ట్‌ఫోలియో జడ్జిగా వేస్తారు. మీ ఊరి కోర్టులో ఆరు నెలలుగా జడ్జి లేరంటే ఆ సంగతి చెప్పుకోవాల్సింది కలెక్టరుకో ఎమ్మెల్యేకో కాదు.

ఆ హైకోర్టులోనూ ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి. ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్లు పేర్లు పంపుతారు. అవి రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర న్యాయశాఖ, ఇంటెలిజెన్స్ నివేదిక, సుప్రీంకోర్టు కొలీజియం (జడ్జీలను ఎంపిక చేసే సీనియర్ న్యాయమూర్తుల బృందం) దాటి రాష్ట్రపతికి చేరాలి. ఖాళీకి ఆరు నెలల ముందే మొదలుపెట్టాలని విధివిధానాల పత్రంలో ఉంది, ఆచరణ వేరు. విరమణ వయసు 62 ఏళ్లు. మన దగ్గర తొలి మహిళా జడ్జి కె. అమరేశ్వరి 1978లో వచ్చారు. తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా హిమా కోహ్లీ 2021లో వచ్చారు.

పీఠం ఎక్కడ

2014 పునర్విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఏర్పడే దాకా హైదరాబాదు కోర్టునే ఉమ్మడిగా ఉంచింది. ఆ తాత్కాలికం నాలుగున్నరేళ్లు సాగింది. 2016లో కింది కోర్టు జడ్జీల కేటాయింపు మీద తెలంగాణ న్యాయాధికారులు రోడ్డెక్కారు, సస్పెన్షన్లు పడ్డాయి. చివరికి 2018 డిసెంబరు 26న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో వేరే హైకోర్టు. మధ్యలో వారం రోజులు కూడా లేవు. తొలి రోజుల్లో విజయవాడలో ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయంలోనే కోర్టు హాళ్లు సర్దారు. మార్చిలో నేలపాడులోని తాత్కాలిక భవనానికి మారారు. ఉమ్మడి కోర్టుకున్న 61 జడ్జి పోస్టుల్లో 37 ఆంధ్రకు, 24 తెలంగాణకు పోయాయి. తెలంగాణ సంఖ్యను 2021లో 42కు పెంచారు. మూసీ ఒడ్డు భవనం ఇరుకైపోయిందని రాజేంద్రనగర్ దగ్గర 100 ఎకరాల్లో కొత్త ప్రాంగణానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది.

కర్నూలు విషయంలో రెండు వేరు వేరు పనులను జనం ఒకటిగా కలిపేస్తున్నారు. ప్రధాన పీఠం ఎక్కడుండాలో పునర్విభజన చట్టం 31(2) కింద రాష్ట్రపతి ఉత్తర్వు నిర్ణయించింది. దాన్ని రాష్ట్ర శాసనసభ తనంతట తాను మార్చలేదు. 2020 మూడు రాజధానుల చట్టం కర్నూలును న్యాయ రాజధాని అన్నప్పుడు వచ్చిన ప్రధాన చిక్కుల్లో ఇదొకటి. ఆ చట్టాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. బెంచ్ సంగతి అలా కాదు. ప్రధాన పీఠం అమరావతిలోనే ఉంచి, గవర్నరు ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి మరో చోట జడ్జీలను కూర్చోబెట్టవచ్చని 31(3) చెబుతోంది. 2024 నవంబరులో శాసనసభ కర్నూలు బెంచ్ కోసం చేసిన తీర్మానం ఈ రెండో కోవలోకి వస్తుంది. తీర్మానం కోరిక మాత్రమే. నిర్ణయం ప్రధాన న్యాయమూర్తిది.

బెంచ్ అంటూ వస్తే కక్షిదారు చూడాల్సింది ప్రారంభోత్సవం కాదు, నోటిఫికేషన్. ఏ జిల్లాల కేసులు అక్కడ దాఖలు చేయాలి, ఆ జిల్లాలవారు అమరావతిలోనూ వేసుకోవచ్చా, డివిజన్ బెంచ్ కూడా అక్కడ కూర్చుంటుందా లేక రిట్ అప్పీలుకు మళ్లీ నేలపాడు రావాలా, ఇప్పటికే పెండింగులో ఉన్న కట్టలు అక్కడికి వెళతాయా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ఆదోని రైతుకు రానుపోను ఖర్చు తగ్గుతుందో లేదో ఆ నాలుగు వాక్యాలను బట్టే తెలుస్తుంది.